రెండో క్లాసు తీసుకోవాలా, వద్దా: కాగితం మీద తేల్చుకునే పద్ధతి

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మేడ మీద ఆడినా, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి పక్కన గదిలో ఆడినా, బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో కథ నడిపే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, పాత్ర ఎదుగుదలని కొలిచే లెవెల్స్‌లో నాలుగోది వచ్చేసరికి ఎవరో ఒకరికి ఈ ఆలోచన పుట్టక మానదు: "మావాడు కత్తితో పాటు కాస్త మంత్రం కూడా వేస్తే?" కోరికలో తప్పేం లేదు. కొత్త క్లాసులో (అంటే ఫైటర్, విజార్డ్ లాంటి పాత్ర వృత్తిలో) వచ్చేవే చూసి, పాత క్లాసులో వెనక్కి జరిగేవాటిని లెక్కెయ్యకపోవడంతోనే చిక్కు. ఇక్కడి లెక్కలన్నీ 2014 నియమాలవి. 2024లో మారినవాటిలో ముఖ్యమైనవి చివర్లో ఉన్నాయి.

ముందు ఆట నడిపే డీఎంని (డన్జన్ మాస్టర్‌ని) రెండు విషయాలు అడగండి. 2014 నియమాల్లో మల్టీక్లాస్, అంటే ఒకే పాత్రకి రెండు క్లాసులు, ఐచ్ఛికం, డీఎం ఒప్పుకుంటేనే ఉంటుంది. కాబట్టి మొదటిది అనుమతి. రెండోది ఇంకా ముఖ్యం: ఈ ఆట ఏ లెవెల్ దగ్గర ఆగొచ్చు? సెమిస్టర్ పరీక్షలు, సిరిమానోత్సవం, సంక్రాంతి సెలవులు పోగా మిగిలే ఆదివారాలెన్నో అందరికీ తెలుసు. ఎనిమిదో లెవెల్‌కి ముగిసే ఆటలో, పదకొండో లెవెల్‌కి పండే కలయిక పెట్టుకుంటే కాయ కొయ్యకముందే తోట అమ్మేసినట్టే. డీఎం చెప్పిన ఆ అంకెని కాగితం అడుగున రాసుకోండి.

తర్వాత 13 సంగతి. కొత్త క్లాసుకి కావలసిన ఎబిలిటీ (బలం, తెలివి లాంటి గుణాల అంకె) కనీసం 13 ఉండాలి, ఇప్పుడున్న క్లాసుది కూడా 13 ఉండాలి. ఈ రెండో సగం చాలామంది మర్చిపోతారు. విజార్డ్‌కి ఇంటెలిజెన్స్, క్లెరిక్, డ్రూయిడ్‌లకి విజ్డమ్, బార్డ్, సార్సరర్, వార్లాక్‌లకి కరిష్మా, రోగ్‌కి డెక్స్‌టెరిటీ, బార్బేరియన్‌కి స్ట్రెంగ్త్. ఫైటర్‌కి స్ట్రెంగ్త్, డెక్స్‌టెరిటీల్లో ఏదో ఒకటి చాలు. పాలడిన్‌కి స్ట్రెంగ్త్, కరిష్మా రెండూ కావాలి. మాంక్, రేంజర్‌లకి డెక్స్‌టెరిటీ, విజ్డమ్ రెండూ.

బొబ్బిలి కోటలాంటి కోటకి కాపలా కాసే ఫైటర్‌ని తయారుచేశారనుకోండి. ఇంటెలిజెన్స్ 10 పెట్టారు. పాయింట్లు ఖర్చుపెట్టి ఎబిలిటీలు కొనే పాయింట్ బై పద్ధతిలో ఉన్న 27 పాయింట్లలో 10కి అయ్యే ఖర్చు 2, 13కి 5. మొదటి రోజే ఇంకో 3 పాయింట్లు పెడితే అయిపోయే పని. అయిదో లెవెల్లో బుద్ధి పుట్టి 10ని 13 చెయ్యాలంటే రెండు ఎబిలిటీ పెంపులు (ఒక్కోటి 2 మాత్రమే పెంచుతుంది) పోతాయి. ఆ ధరకి ఏ రెండో క్లాసూ దండగే.

ఇప్పుడు అసలు లెక్క. కొన్ని మొత్తం లెవెల్‌ని బట్టి పెరుగుతాయి: ప్రొఫిషియెన్సీ బోనస్ (చేతనైన పనులకి పాచిక మీద కలిపేది), కాంట్రిప్‌ల (ఎన్నిసార్లైనా వేసే చిన్న మంత్రాల) దెబ్బ, తర్వాతి లెవెల్‌కి కావలసిన ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు). వీటికి మల్టీక్లాస్ వల్ల నష్టం లేదు. మిగతావి చాలావరకు ఏ క్లాసులో ఎన్ని లెవెల్స్ ఉన్నాయో దాన్ని బట్టే వస్తాయి: ఎక్స్‌ట్రా అటాక్ (ఒకే టర్న్‌లో రెండో దెబ్బ), స్నీక్ అటాక్ (రోగ్ దెబ్బకి కలిసే అదనపు పాచికలు), నేర్చుకోగలిగే స్పెల్స్ (మంత్రాలు), సబ్‌క్లాస్ (క్లాసులో ఎంచుకునే శాఖ), చివరికి ఎబిలిటీ పెంపులు కూడా. మొదటి పెంపు అన్ని క్లాసుల్లోనూ ఆ క్లాసు నాలుగో లెవెల్లో వస్తుంది, క్యారెక్టర్ మొత్తం నాలుగో లెవెల్లో కాదు. ఫైటర్ 3, విజార్డ్ 3 అయినవాడికి ఆరో లెవెల్ వచ్చినా చేతిలో ఒక్క పెంపూ ఉండదు. నేరుగా ఫైటర్‌గానే వెళ్లినవాడు అప్పటికి రెండు తీసుకుని ఉంటాడు.

కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో ఇప్పటి లెవెల్ నుంచి డీఎం చెప్పిన అంకె దాకా లెవెల్స్. రెండో గడిలో ఇలాగే వెళ్తే ఒక్కో లెవెల్‌కి వచ్చేది. మూడో గడిలో రెండో క్లాసు తీసుకుంటే వచ్చేది. ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూద్దాం.

రేపియర్ పట్టిన ఫైటర్, నాలుగో లెవెల్, డెక్స్‌టెరిటీ 18, డ్యూయెలింగ్ స్టైల్. ఒక దెబ్బ సగటు: డీ8కి (ఎనిమిది ముఖాల పాచికకి) 4.5, డెక్స్‌టెరిటీ 18కి 4, స్టైల్‌కి 2, మొత్తం 10.5. అయిదో లెవెల్ ఫైటర్‌లోనే తీసుకుంటే ఎక్స్‌ట్రా అటాక్ వస్తుంది. రెండు దెబ్బలూ తగిలితే 21. అదే అయిదో లెవెల్ రోగ్‌లో తీసుకుంటే ఒక్క దెబ్బే, దాని మీద స్నీక్ అటాక్ ఒక డీ6, అంటే 3.5. మొత్తం 14. తగిలిన ప్రతి రౌండ్‌కీ 7 తక్కువ. అక్కడితో ఆగక, కన్నింగ్ యాక్షన్ కోసం రోగ్ 2, సబ్‌క్లాస్ కోసం రోగ్ 3 అనుకుంటూ పోతే ఎక్స్‌ట్రా అటాక్ ఎనిమిదో లెవెల్‌కి వస్తుంది. మనం కాగితం అడుగున రాసుకున్న అంకె కూడా ఎనిమిదే అయితే ఆట అయిపోయింది!

అదే వ్యక్తి ఫైటర్ 5 పూర్తి చేసి ఆరో లెవెల్లో రోగ్ తీసుకుంటే 21కి 3.5 కలిసి 24.5. తీసుకున్నది అదే ఒక్క రోగ్ లెవెలే, ఒక మెట్టు ఆగి తీసుకున్నారంతే. అందుకే "తీసుకోవాలా?" అన్నదానికంటే "ఎప్పుడు?" అన్న ప్రశ్నకే ఎక్కువ బరువు. కత్తి పట్టేవాళ్లు అయిదు దాకా కదలకపోవడం మంచిది. మంత్రాలవాళ్లయితే బేసి లెవెల్ అందుకున్నాక కదలాలి, ఎందుకంటే 3, 5, 7 లెవెల్స్‌లోనే కొత్త స్థాయి స్పెల్స్ తెరుచుకుంటాయి.

స్పెల్ స్లాట్ల (ఏ స్థాయి మంత్రాలు ఎన్నిసార్లు వెయ్యొచ్చో చెప్పే లెక్క) దగ్గర ఎక్కువమంది పడతారు. విజార్డ్ 3, క్లెరిక్ 2 అనుకోండి. ఇద్దరూ పూర్తి మంత్రగాళ్లే కాబట్టి స్లాట్ల పట్టికలో మీది అయిదో వరస: మొదటి స్థాయివి 4, రెండోవి 3, మూడోవి 2. మూడో స్థాయి స్లాట్లు చూసి ఫైర్‌బాల్ రాసేసుకుంటారు. కుదరదు. స్లాట్లు కలిపి లెక్కేస్తారు గానీ, స్పెల్స్‌కి మాత్రం ఏ క్లాసుకి ఆ క్లాసే. విజార్డ్ 3కి రెండో స్థాయి దాకా, క్లెరిక్ 2కి మొదటి స్థాయి దాకానే. ఆ మూడో స్థాయి స్లాట్లలో చిన్న స్పెల్స్‌నే పెద్దవి చేసి వెయ్యాలి. పక్కన కూర్చున్న అయిదో లెవెల్ విజార్డ్ 8డీ6 ఫైర్‌బాల్, అంటే సగటున 28, గుంపు మొత్తం మీద పడేస్తుంటే ఏడుపొస్తుంది. పాలడిన్, రేంజర్ లెవెల్స్‌ని సగం చేసి, కిందికి సవరించి కలపాలి.

వార్లాక్ స్లాట్లు ఈ పట్టికలోకే రావు. అవి వేరు, షార్ట్ రెస్ట్‌కే (మధ్యలో తీసుకునే చిన్న విరామానికే) తిరిగొస్తాయి. రెండూ కలిసిపోకుండా మామూలు స్లాట్లకి చింతపిక్కలు, వార్లాక్ స్లాట్లకి గవ్వలు పెట్టుకోండి. వాడిన పిక్క గిన్నెలో వెయ్యాలి, షార్ట్ రెస్ట్ అయ్యాక గవ్వలు మాత్రమే వెనక్కి తీసుకోవాలి. పలాస జీడిపప్పు పెట్టుకుంటే పోరాటం మధ్యలో స్లాట్లు కడుపులోకి పోతాయి.

రెండు లెవెల్స్ వార్లాక్‌కి ఇంత గిరాకీ ఎందుకంటే ఎల్‌డ్రిచ్ బ్లాస్ట్ కాంట్రిప్ కాబట్టి. సార్సరర్ 3, వార్లాక్ 2 అయినా మొత్తం లెవెల్ అయిదే కాబట్టి రెండు కిరణాలు వస్తాయి, ఒక్కోటి డీ10. ఆగనైజింగ్ బ్లాస్ట్ తీసుకుంటే ఒక్కోదానికీ కరిష్మా కలుస్తుంది. అయినా సార్సరర్ మూడో స్థాయి స్పెల్స్ ఏడో లెవెల్ దాకా రావు. మూడో గడిలో ఆ మాట కూడా రాయాల్సిందే.

మొదటి లెవెల్ నుంచే రెండు క్లాసులని నిర్ణయించుకుంటే, ఏది ముందన్నదీ చూడాలి. సేవింగ్ త్రో (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచిక) ప్రొఫిషియెన్సీలు మొదటి క్లాసు నుంచే వస్తాయి, రెండోది వాటిలో ఏదీ ఇవ్వదు. ఫైటర్‌గా మొదలుపెట్టి విజార్డ్‌లోకి వెళ్తే కాన్‌స్టిట్యూషన్ సేవ్, బరువైన కవచం రెండూ ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడు కాన్సెంట్రేషన్ (వేసిన మంత్రం మీద ఏకాగ్రత) నిలబెట్టేది ఆ సేవే. విజార్డ్‌గా మొదలుపెట్టి ఫైటర్‌లోకి వెళ్తే తేలిక, మధ్యస్థ కవచాలు, డాలు వస్తాయి, బరువైనది రాదు, ఆ సేవూ రాదు. హిట్ పాయింట్లలోనూ తేడా: కాన్‌స్టిట్యూషన్ పక్కన పెడితే, ఫైటర్ ముందైతే 10, 4 కలిపి 14. విజార్డ్ ముందైతే 6, 6 కలిపి 12.

కొన్ని జతలు కాగితం దాకా రానక్కర్లేదు. బార్బేరియన్ రేజ్‌లో (కోపావేశంలో) ఉన్నప్పుడు స్పెల్ వెయ్యలేరు, వేసినదాని మీద కాన్సెంట్రేషనూ నిలవదు, కాబట్టి బార్బేరియన్, విజార్డ్ కలయిక పోరాటంలో తనతో తానే తగువు పెట్టుకుంటుంది. ఎక్స్‌ట్రా అటాక్ రెండు క్లాసుల నుంచి వచ్చినా దెబ్బలు మూడు కావు, రెండే. అన్‌ఆర్మర్డ్ డిఫెన్స్ (కవచం లేకుండానే వచ్చే రక్షణ) ఒక క్లాసు నుంచి వచ్చాక రెండోదాని నుంచి రాదు. బోనస్ యాక్షన్ టర్న్‌కి ఒకటే. రోగ్, మాంక్ రెండూ దాన్నే అడుగుతాయి.

లెక్క కుదిరాక కథలో కుదరాలి. వార్లాక్‌కి మంత్రం ఏదో అతీత శక్తితో ఒప్పందం వల్ల వస్తుంది కాబట్టి, డీఎంతో మాట ఇలా ఉంటుంది:

"బావా, వచ్చే లెవెల్‌కి మావాడు వార్లాక్ అవుతాడు."

"ఒప్పందం ఎవరితోరా?"

"అది... ఇంకా అనుకోలేదు."

"అయితే లెవెల్ కూడా ఇంకా అవ్వలేదనుకో."

ఒక సెషన్ ముందే చెప్తే డీఎం ఏటి ఒడ్డున పాడుబడ్డ గుడో, రాత్రిపూట పిలిచే గొంతో కథలో నాటుకుంటాడు. లెవెల్ వచ్చిన రోజు చెప్తే ఎవరికీ కుదరదు.

కాస్త మంత్రమే కావాలంటే రెండో క్లాసు అవసరం లేకపోవచ్చు. ఫైటర్ మూడో లెవెల్లో ఎల్‌డ్రిచ్ నైట్, రోగ్ మూడులో ఆర్కేన్ ట్రిక్‌స్టర్ ఉన్నాయి, ఎక్స్‌ట్రా అటాక్ గానీ స్నీక్ అటాక్ గానీ ఒక్క రోజు కూడా ఆలస్యం కాదు. మ్యాజిక్ ఇనీషియేట్ ఫీట్ (ఎబిలిటీ పెంపు బదులు తీసుకునే ప్రత్యేక నేర్పు) రెండు కాంట్రిప్‌లు, రోజుకోసారి వేసే ఒక మొదటి స్థాయి స్పెల్ ఇస్తుంది. "కాస్త" అన్నవాళ్లలో చాలామందికి ఇది సరిపోతుంది.

2024 నియమాలతో ఆడితే మూడు తేడాలు గుర్తుంచుకోండి. సబ్‌క్లాస్ అన్ని క్లాసుల్లోనూ మూడో లెవెల్‌కే వస్తుంది, కాబట్టి సబ్‌క్లాస్ కోసం ఒక్క లెవెల్ కొరికి వదిలేసే పాత పద్ధతి పోయింది. పాలడిన్, రేంజర్ సగాన్ని పైకి సవరిస్తారు. పాలడిన్ దెబ్బకి అదనపు బలమిచ్చే డివైన్ స్మైట్ ఇప్పుడు బోనస్ యాక్షన్‌తో వేసే స్పెల్, ఒకే టర్న్‌లో రెండు దెబ్బలకీ పెట్టడం కుదరదు.

తీసుకున్నాక మొదటి రెండు సెషన్లు కొత్త లెవెల్‌ని క్యారెక్టర్ షీట్ మీద పెన్సిల్‌తోనే రాయండి. హిట్ డైస్ (విరామంలో హిట్ పాయింట్లు కోలుకోవడానికి వేసే పాచికలు) కూడా విడివిడిగా, "ఫైటర్ 5డీ10, రోగ్ 1డీ8" అని. కుదరకపోతే వెనక్కి తీసుకునే వీలు ఎన్ని సెషన్ల దాకా ఉంటుందో డీఎంతో ముందే మాట అనుకోండి, ఎందుకంటే నియమాల్లో ఆ వీలు రాసి లేదు.