మాస్ట్ పాదానికి తుప్పు: నాకు పనిచేసిన రిపేరు

మాది 1979 నాటి ఫైబర్‌గ్లాస్ సెయిల్‌బోట్. ఉండేది మేరీల్యాండ్‌లో, చెసపీక్ బే ఒడ్డున. మాస్ట్‌ను (తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని) నిలబెట్టే తీగలు ఎన్నిసార్లు బిగించినా నెల తిరక్కుండానే వదులయ్యేవి. పడవ అడుగున, మాస్ట్ పాదం చుట్టూ తడిసిన సున్నంలా తెల్లటి పొడి. టర్న్‌బకిల్స్ (తీగల్ని బిగించే మరలు) తిప్పాను, తుప్పు స్ప్రే కొట్టాను, ఎపాక్సీ పుట్టీ కూరాను. అన్నీ దండగే.

అల్యూమినియం మాస్ట్ ఉక్కు దిమ్మ మీద, ఉప్పునీళ్లలో నిలబడి ఉంది. అంటే అదొక బ్యాటరీ, ముందు తినేది అల్యూమినియాన్నే. పాదం తరిగి మాస్ట్ కిందికి దిగేకొద్దీ తీగలు వదులవుతాయి.

యార్డులో క్రేన్‌తో మాస్ట్ ఎత్తించి, పాదాన్ని చిన్న సుత్తితో తట్టుకుంటూ పోయాను. బాగున్నచోట ఖంగుమంది, తినేసినచోట పొరలుగా రాలింది. శబ్దం మారిన చోటికి కాస్త పైన, చుట్టూ కాగితం చుట్టి అంచులు కలిపి గీత గీశాను. గీత వంకర పోదు. ఆ గీత వెంట పాదాన్ని 30 మిల్లీమీటర్లు కోసేశాను.

తర్వాత ఉక్కు దిమ్మ పీకేసి, జీ-10 అనే గట్టి ఫైబర్‌గ్లాస్ పలకలు అతికించి కొత్తది చేశాను, పాతదానికంటే సరిగ్గా 30 మిల్లీమీటర్లు ఎత్తుగా. కిటుకంతా ఇక్కడే ఉంది: తీగల పొడవు మార్చే పనుండదు. (జీ-10 కోసేటప్పుడు మాస్క్, ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి. నాకు రెండు రోజులు ఒకటే దురద.) నీళ్లు నిలవకుండా దిమ్మలో కాలువ తీశాను. స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియంలోకి దిగే ప్రతిచోటా టెఫ్‌జెల్ (రెండు లోహాలు నేరుగా తగలకుండా ఆపే పేస్టు) పూశాను.

రెండు సీజన్లు గడిచాయి, తీగలు వదులవలేదు. పదేళ్లు ఆగుతుందా అంటే చెప్పలేను. మాస్ట్ అడుగుదాకా దిగకుండా డెక్ (పడవ పైతలం) మీదే నిలబడే పడవలకు ఇది వర్తించదు, అక్కడ లోపలి చెక్క కుళ్లి ఉండొచ్చు. తుప్పు ఇంకా పైకి పాకితే కోయకముందే రిగ్గర్‌కి (మాస్ట్, తీగల పని తెలిసిన నిపుణుడికి) చూపించండి. నేనూ చూపించాకే రంపం పట్టాను.