వాచీ పట్టీ రెండు వేళ్లు పైకి జరపండి

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వైపు పొద్దున్నే సైకిల్ తొక్కేవాళ్లకి, నాగావళి పక్కన పరిగెత్తేవాళ్లకి ఒక మాట. గుండె వేగం చూపించే జీపీఎస్ వాచీని మణికట్టు ఎముక మీద పెట్టుకోకండి. రెండు వేళ్ల వెడల్పు పైకి జరిపి, కదలకుండా బిగించండి. వదులుగా ఉంటే వెనకున్న పచ్చ లైటు రక్తప్రవాహాన్ని సరిగ్గా పట్టలేదు. ఒక్కోసారి మన అడుగుల లెక్కనే గుండె వేగంగా చూపించేస్తుంది. హాయిగా మాట్లాడుకుంటూ పరిగెడుతున్నా 170 కనిపిస్తే ముందు పట్టీ చూసుకోండి. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే మాత్రం అంకె ఎంతున్నా ఆగిపోవాల్సిందే.

సైకిల్ మీద మణికట్టు వంగి ఉంటుంది, గతుకులకి అదురుతుంది. అందుకే సైకిల్‌కి, ఛాతీకి కట్టుకుని గుండె వేగం కొలిచే బెల్టే నయం. అన్నట్టు, జీపీఎస్ సిగ్నల్ దొరికాకే స్టార్ట్ నొక్కండి.