రెండు పూటలా తోముతున్నా పళ్లు పుచ్చుతుంటే ఎక్కడ వెతకాలి?

పళ్లు ఎలా తోమాలో మీకు తెలుసు, అది మళ్లీ చెప్పను. తోముతున్నా పుచ్చుతున్నప్పుడు ముందు చేయాల్సిన పని ఒకటుంది. వెలుతురులో కూర్చుని, పెదవి పైకి లేపి, మెత్తటి గుడ్డతో ముందు పళ్లు తుడిచి, ఆరాక ఫోను టార్చి వేసి చూడండి. తడి పంటి మీద దాక్కున్న మచ్చ ఆరిన పంటి మీద బయటపడుతుంది. హనుమకొండలో నా దగ్గరికి పళ్లు చూపించుకోవడానికి వచ్చేవాళ్లలో ఇది చూసుకుని వచ్చేవారు చాలా అరుదు.

చిగురు అంచున సుద్దలాంటి తెల్ల గీత

పుచ్చుకు ఇది తొలి మెట్టు. పాచిలోని క్రిములు తీపిని ఆమ్లంగా మార్చి, పంటి పైపొరలోని క్యాల్షియం, ఫాస్ఫేట్‌లను కరిగించాయి. గుంట పడకముందైతే పన్ను మళ్లీ గట్టిపడుతుంది. లాలాజలం ఆ ఖనిజాలను తిరిగి తెచ్చిపెడుతుంది, ఫ్లోరైడ్ తోడైతే ఆ పొర ఆమ్లానికి మునుపటికన్నా బాగా తట్టుకుంటుంది. అందుకే పేస్టు మీద ఫ్లోరైడ్ అని రాసి ఉందో లేదో చదవండి. మూలికల పేరుతో అమ్మే చాలా పేస్టుల్లో అది ఉండదు. తోమాక నురగ ఉమ్మేసి వదిలేయండి, గ్లాసుడు నీళ్లతో పుక్కిలించకండి.

తెలుపు చిగురు అంచున కాకుండా పన్నంతా అడ్డగీతలుగా, కుడి ఎడమల ఒకేలా ఉంటే అది వేరే సంగతి. తాగే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఊళ్లలో పెరిగిన పిల్లలకు ఇలా వస్తుంది. పన్ను దవడలో తయారవుతున్నప్పుడే పడిన మచ్చ కనుక ఏ పొడి రుద్దినా పోదు. చిన్నపిల్లలున్న ఇంట్లో తాగడానికి, వంటకు ప్రభుత్వం కుళాయిల్లో ఇచ్చే మిషన్ భగీరథ నీళ్లే వాడండి.

తోముతున్నా కొత్త గుంటలు

పేస్టు మారుస్తారు, వేపపుల్ల పడతారు, నువ్వుల నూనె పుక్కిలిస్తారు. వాటితో పాచి కొంత తగ్గుతుంది, కాదనను. అయినా ఆరు నెలలకు మరో పన్ను పుచ్చుతుంది. ఎందుకంటే అసలు లెక్క ఎవరూ వేయరు: రోజుకు ఎన్నిసార్లు నోట్లో తీపి పడుతోంది?

తీపి తగిలిన ప్రతిసారీ నోటిలో ఆమ్లం పెరిగి, దాన్ని కొలిచే పీహెచ్ 5.5 కన్నా దిగువకు జారుతుంది. అక్కడ పంటి పైపొర కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని సర్దడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్ నడుస్తున్నప్పుడు చూడండి, కాంటా కాంటాకు చాయ్. చక్కెర తక్కువే వేసుకుంటున్నానని చెబుతారు, కానీ ఒక్కో గ్లాసును ఇరవై నిమిషాలు చప్పరిస్తారు. పన్నుకు కోలుకునే వ్యవధే దొరకదు. ఒకే పూట రెండు లడ్డూలు తిన్నవాడి పళ్లు ఇలా రోజంతా చాయ్ చప్పరించేవాడి పళ్లకన్నా నయం.

బెల్లం సహజమైనది, ఏమీ చేయదని నమ్మేవారికి గట్టిగా చెబుతున్నాను: క్రిములకు బెల్లం, చక్కెర, తేనె అన్నీ ఒకటే, పైగా బెల్లం పళ్ల సందుల్లో అంటుకుంటుంది. మేడారం జాతర నుంచి తెచ్చిన బంగారం, అంటే ప్రసాదం బెల్లం, ఇంట్లో వారాల తరబడి ఉంటుంది, పిల్లలు వచ్చీపోతూ ముక్క నోట్లో వేసుకుంటారు. ప్రసాదం తప్పకుండా పెట్టండి, అన్నంతో పాటు ఒక్కసారే పెట్టండి.

అన్నిటికన్నా చెడ్డది రాత్రి తోమాక తాగే చక్కెర పాలు, చప్పరించే లేహ్యం, తీపి దగ్గు మందు. నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది, ఆ తీపి తెల్లవార్లూ పళ్ల మీదే ఉంటుంది.

పరిష్కారం ఇది. చాయ్ రోజుకు రెండుసార్లకు కుదించండి, కూర్చుని ఒక్కసారే తాగేయండి, వెంటనే మంచినీళ్లతో పుక్కిలించండి. తీపి తినాలంటే భోజనంతోనే తినండి. మధ్యలో ఆకలైతే పల్లీలు, నువ్వులు, మజ్జిగ. నమిలితే ఉమ్మి ఊరుతుంది, అదే పంటికి మందు. రాత్రి తోమాక మంచినీళ్లు తప్ప ఏదీ వద్దు. తెల్ల గీత తగ్గడానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టండి.

చల్లనీళ్లకు జివ్వుమనడం

చిగురు దగ్గర గోటికి తగిలేలా నొక్కు పడి ఉంటే, గట్టి బ్రష్షో, బొగ్గు, ఇటుక పొడి, ఉప్పో అరగదీసింది. మెత్తటి బ్రష్షుతో తేలికగా తోమండి. వేపపుల్ల వాడేవారు కొసను కుచ్చులా నమిలాకే, చిగురు నుంచి పంటి కొసవైపు రుద్దండి. తెల్లగా మెరవాలని నిమ్మకాయ రుద్దడం వెంటనే మానండి. పులుపు తిన్నాక అరగంట ఆగి తోమండి.

ఆరేళ్ల పిల్లల వెనక పన్ను

దీన్ని పాలపన్ను అనుకుని వదిలేస్తారు. ఆరో ఏట, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ల వెనక వచ్చేది జీవితాంతం ఉండాల్సిన దవడపన్ను. నమిలేచోట దాని గాళ్లు లోతుగా ఉంటాయి, బ్రష్షు అందదు. మొలవగానే దంతవైద్యుడికి చూపించి, ఆ గాళ్లను సీలెంటు అనే రక్షణ పూతతో మూయించండి.

కొందరు పిల్లలకు పంటి పొర తయారయ్యేటప్పుడే బలహీనంగా ఉంటుంది, అలా అనిపిస్తే దంతవైద్యుడికి చూపించండి. బీపీ, ఎలర్జీ మాత్రలతో నోరు ఎండిపోతుంటే మందు రాసిన డాక్టరుకు చెప్పండి.

గుంట పడ్డాక నూనె, లవంగం, పసుపు ఏవీ దాన్ని పూడ్చలేవు. లవంగనూనె నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది, అంతే. దవడ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.