వింటి బద్దల వంపు దిద్దడం: బెంగళూరు దాసరహళ్లి డాబా మీద నేర్చుకున్న పని

చెక్కను విల్లు ఆకారానికి తేవడం ఒక రోజు పని. దానికి వంగడం నేర్పడం వారం పని. ఈ రెండో పని గురించే ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో చేసిన విళ్లు ఎక్కువగా విరిగేది ఈ దశలోనే. నావి ఇప్పటికి నాలుగు పాడయ్యాయి.

నేను బెంగళూరు పీణ్యాలోని ఒక కర్మాగారంలో 31 ఏళ్లు లేత్ మీద పనిచేసి రిటైరయ్యాను. మా నాన్న హిందూపురంలో వడ్రంగి. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచాక మా అక్క మనవడికి విల్లు మోజు పట్టుకుంది. ఆమె వాడే కాంపౌండ్ విల్లుకు చక్రాలు, తీగలు ఉంటాయి, ధర కూడా లక్షల్లో ఉంటుంది. మన దేశంలో ఇండియన్ రౌండ్ అనే పోటీ ఉందని, దానికి ఇక్కడ చేసిన వెదురు, చెక్క విల్లే వాడతారని, 30 మీటర్లు, 50 మీటర్ల దూరం నుంచి వేస్తారని వాడే చెప్పాడు. చెక్క అనగానే నాకు మా నాన్న చిత్రిక గుర్తొచ్చింది.

మొదటి విల్లును ఇనుప ముక్కలాగే చేశాను. పిడికి అటూ ఇటూ వంగే రెండు బద్దల మందాన్నీ వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే సాధనం) కొలిచి, పదో వంతు మిల్లీమీటరు తేడా లేకుండా దించాను. వంచి చూస్తే పై బద్ద గొడుగు పిడిలా ముడుచుకుంది, కింది బద్ద గడకర్రలా నిలబడింది. ఇనుములో కొలత సమానమైతే బలమూ సమానమే. చెక్కలో అలా కాదు. ఒకే పలకలో ఒక కొస చిక్కగా, ఇంకో కొస కాస్త పలుచగా పెరిగి ఉండవచ్చు. అందుకని చూడాల్సింది మందాన్ని కాదు, వంపును. వెర్నియర్ ఎక్కడ పనికొస్తుందో తర్వాత చెబుతాను.

ముందు సరుకు సంగతి. మైసూరు రోడ్డు వైపు టింబర్ యార్డుల్లో తిరిగి, తడసలు అని కన్నడిగులు పిలిచే చెక్క తెచ్చాను. మన వైపు చరచి అంటారు, ఉత్తరాదిలో ధామన్ అంటారు. పనిముట్ల పిడులకు, బండి కాడులకు వాడే చెక్క, సాగే గుణం ఉన్నది. ఏ చెక్కయినా సరే, చారలు ఈ కొస నుంచి ఆ కొస దాకా పక్కకు జారకుండా పోవాలి. చార మధ్యలో అంచు దాటి బయటికి పోయిందంటే విల్లు అక్కడే చీలుతుంది. యార్డు వాళ్లు విసుక్కున్నా 11 పలకలు తిప్పి చూశాను.

నా కొలతలు ఇవి: పొడవు 66 అంగుళాలు. మధ్యలో 8 అంగుళాలు పిడికీ, అది బద్దలోకి పల్లంగా దిగే భాగానికీ పోతాయి. అది వంగదు. అటూ ఇటూ 29 అంగుళాల బద్దలు. వెడల్పు సగం దూరం వరకు అంగుళంన్నర, అక్కడి నుంచి సన్నబడుతూ కొప్పు (నారి తగిలించే కొస) దగ్గరికి అర అంగుళం. మందం మొదట పిడి దగ్గర 16 మిల్లీమీటర్లు, కొప్పు దగ్గర 12. నాకు కావలసిన బిగువు (నారి లాగడానికి పట్టే బలం) 26 అంగుళాలు లాగినప్పుడు 30 పౌండ్లు, అంటే 13.6 కిలోలు. ఈ రెండో అంకెను గోడ మీద పెద్దగా రాసుకోండి, ఎందుకంటే మన వేలాడే కాటాలు కిలోల్లోనే చూపిస్తాయి.

చెక్క బాగా ఎండాలి. వంటింటి కాటా మీద రోజూ తూచండి. వారం పాటు బరువు తగ్గకుండా నిలిచిందంటే ఇక ఎండాల్సింది లేదు. పచ్చి చెక్కను వంచితే విరగదు కానీ వంగినట్టే ఉండిపోతుంది, నారి విప్పినా నిటారుగా రాదు.

విల్లుకు వీపు, పొట్ట ఉంటాయి. బాణం పోయే వైపు ఉండేది వీపు, మన ముఖం వైపు ఉండేది పొట్ట. లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నొక్కుకుపోతుంది. చెక్కేదంతా పొట్ట వైపే, వీపు మీద చిన్న గాటు కూడా పడకూడదు. వీపు అంచుల పదును మాత్రం గరుకు కాగితంతో గుండ్రంగా తీసేయండి. ఆ పదును దగ్గరే మొదటి పేడు లేస్తుంది. వెదురుతో చేసేవాళ్లయితే పచ్చటి పైపొర వైపును వీపుగా ఉంచి, కణుపుల దగ్గర పొట్టను ఒక పిసరు మందంగా వదలాలి.

ఇక వంచడం. మొదటి పరీక్షకు సరంజామా ఏదీ అక్కరలేదు. ఒక కొప్పును పాత చెప్పు మీద ఆనించి, పిడి పట్టుకుని, రెండో చేత్తో బద్ద మధ్యలో నెమ్మదిగా నొక్కండి. తిప్పి రెండో బద్దనూ అలాగే నొక్కండి. రెండింట్లో ఏది మొండిగా ఉందో అరచేయి చెప్పేస్తుంది. రెండూ అదే శక్తికి అంతే వంగేదాకా చిత్రికతో పొట్టు తీయండి. ఈ దశలో చిత్రిక, ముతక ఆకురాయి వాడవచ్చు. ఆ తర్వాత వాటిని పెట్టెలో పెట్టి తాళం వేయండి. ఇది హాస్యానికి అనడం లేదు. 12 మిల్లీమీటర్ల మందంలో ఒక్క మిల్లీమీటరు తీస్తే అక్కడి బిగువు దాదాపు 23 శాతం పడిపోతుంది. మందం సగం చేస్తే మిగిలేది ఎనిమిదో వంతే. వెడల్పు తీసినప్పుడు మాత్రం తీసినంతే తగ్గుతుంది. ఈ లెక్క తెలిసే ఉద్యోగమే చేశాను, అయినా నా రెండో విల్లు ముతక ఆకురాయి చేతిలోనే పోయింది.

అప్పటి నుంచి నా పనిముట్టు హ్యాక్‌సా బ్లేడు ముక్క. బ్లేడును మూడంగుళాలకు విరిచి, అంచును సానరాయి మీద నిటారుగా పట్టి రుద్దితే గీకడానికి పనికొస్తుంది. ఒక్క గీకుడుకు ఉల్లిపొర కన్నా పలుచటి పొట్టు వస్తుంది. పొట్టు రాకుండా దుమ్ము రాలుతుంటే బ్లేడు మొండిబారిందని అర్థం.

తర్వాత గోడ. డాబా మీద నీళ్ల ట్యాంకు గోడకు, నా భుజమంత ఎత్తున ఒక కర్ర దిమ్మె బిగించి, దాని మీద విల్లు పిడి ఆనేలా గాడి చేశాను. సరిగ్గా దాని కింద, నేల దగ్గర ఒక గిలక. విల్లు కన్నా అయిదంగుళాలు పొడవైన పాలిస్టర్ తాడును రెండు కొప్పులకూ వదులుగా తగిలించి, దాని మధ్య కాటా కొక్కెం, కాటాకు కట్టిన తాడు గిలక కింది నుంచి నా చేతికి. నైలాన్ తాడు వద్దు, అది సాగి లెక్క తప్పిస్తుంది. ఆరడుగులు దూరంగా నిలబడి లాగాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. విరిగిన బద్ద ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

గోడ మీద గళ్లు గీయడానికి స్కేలు పట్టుకుని గంటసేపు కుస్తీ పడుతుంటే మా ఆవిడ పైకొచ్చి చూసింది. "ఇది ఇరవై ఒక్క చుక్కల ముగ్గు, మీకెందుకింత ఆయాసం" అని సుద్దముక్క తీసుకుని, రెండేసి అంగుళాల దూరంలో పది నిమిషాల్లో చుక్కలు పెట్టేసింది. కొలిచి చూస్తే ఎక్కడా రెండు మిల్లీమీటర్లకు మించి తేడా లేదు. ఆ చుక్కల ముందు విల్లును వంచి, ఫోనును ఒకేచోట నిలబెట్టి ఫొటో తీయాలి. ఫొటోను అద్దంలోలా తిప్పి మొదటిదాని పక్కన పెడితే ఎడమ బద్దా కుడి బద్దా ఎదురెదురుగా కనిపిస్తాయి. కంటికి ఒకేలా అనిపించినవి అక్కడ దొరికిపోతాయి.

వంపు ఎలా ఉండాలి? పిడి దగ్గర పల్లంగా దిగే చోట కదలకూడదు. అక్కడి నుంచి మెల్లగా మొదలై బద్ద పొడవునా ఒకే ధోరణిలో సాగి, కొప్పుకు ఆరంగుళాల ముందు నుంచి మళ్లీ దాదాపు తిన్నగా ఉండాలి. నడుములో ఒక్కచోటే వంగితే దాన్ని కీలు అంటాను, తలుపు కీలు లాగే ఉంటుంది కాబట్టి.

కీలును సరిచేసే పద్ధతి వినడానికి తేలిక, చేతికి కష్టం. కన్ను ఎప్పుడూ ఎక్కువ వంగిన చోటికే పోతుంది, చెయ్యి కన్ను వెంట పోతుంది. నా మొదటి విల్లులో పిడికి తొమ్మిదంగుళాల దూరంలో కీలు పడింది. అక్కడ చెక్క ఎగుడుదిగుడుగా ఉందని, నునుపు చేద్దామని అక్కడే నాలుగు గీకుళ్లు గీకాను. నారి 22 అంగుళాలు లాగేసరికి ఫట్‌మంది. ముక్క ఎగిరి తులసికుండీకి తగిలింది, కింది వాటా వాళ్లు గ్యాసు సిలిండరు అనుకుని బయటికొచ్చారు. ఎక్కువ వంగే చోటుకు పెన్సిల్‌తో అడ్డంగా గీతలు కొట్టి, అక్కడ బ్లేడు ఆనించకూడదు. దానికి అటూ ఇటూ మొండిగా ఉన్నచోట గీకాలి. అవి మెత్తబడిన కొద్దీ బరువు పంచుకుంటాయి, కీలు తనంతట తాను సర్దుకుంటుంది.

మొండి చోటు పట్టడానికి ఒక చిన్న సాధనం చేసుకోండి. ఆరంగుళాల చెక్కముక్క, ఒక వైపు పూర్తిగా తిన్ననిది. సరిగ్గా మధ్యలో బెజ్జం వేసి, పెన్సిల్ ముక్క బిగుతుగా దిగేలా పెట్టండి. విల్లును కాస్త వంచి ఉంచి, ఈ ముక్కను పొట్ట మీద పెడితే రెండు కొసలు ఆనుతాయి, మధ్యలో సందు ఉంటుంది. వంపు ఎక్కువున్నచోట సందు ఎక్కువ. అన్నిటికన్నా ఎక్కువ వంగే చోట పెట్టి, పెన్సిల్ మొన తగిలీ తగలనట్టు ఉండేలా సరిచేయండి. ఇక బద్ద పొడవునా జరుపుతూ పోతే, వంపు చాలని చోటల్లా పెన్సిల్ తగిలి గీత పడుతుంది. గీత పడిన చోటే గీకాలి. పిడి దగ్గరా కొప్పుల దగ్గరా పడే గీతలను పట్టించుకోవద్దు, అవి వంగకూడని చోట్లు. మనవడు గీత చూడగానే బ్లేడు తీసుకుని "తాతయ్యా, గీకెయ్యనా?" అంటాడు. "పది గీకుళ్లు, లెక్కపెట్టి" అంటాను. పదకొండోది గీకాడని పొట్టు చూసి చెప్పగలను.

గీకిన ప్రతిసారీ విల్లును ముప్పై సార్లు నెమ్మదిగా లాగి వదలాలి. తీసిన చెక్క ప్రభావం వెంటనే కనిపించదు, పదిహేను ఇరవై లాగుళ్ల తర్వాత బయటపడుతుంది. ఇది మానేసి వరసగా గీకేవాళ్లు మరునాడు 20 పౌండ్ల విల్లుతో మిగులుతారు. కాటా 13.6 దాటేలా ఏ దశలోనూ లాగకూడదు. అయిదంగుళాలు వంగగానే 13.6 వచ్చిందా, అక్కడే ఆగి, గీకి, మళ్లీ లాగండి. అదే బరువుకు రోజురోజుకూ ఎక్కువ దూరం వస్తుంది. పొట్ట మీద అడ్డంగా వెంట్రుకలాంటి ముడతలు కనిపిస్తే అక్కడ చెక్క నలిగిపోయిందని అర్థం. ఆ విల్లుతో ఇక బిగువు ఆశించవద్దు.

వదులు తాడుతో కొప్పులు రెండూ సమానంగా అయిదంగుళాలు దిగాక పొట్టి నారికి మారండి. మొదట నారికీ పిడికీ మధ్య మూడంగుళాలే ఉంచండి, వంపు కుదిరాక ఆరుకు పెంచండి. అప్పుడు విల్లును పట్టుకుని నారి వెంట ఒక కన్ను మూసి చూడండి, నారి పిడి నడుమ మీదుగా పోవాలి. పక్కకు పోతే బద్ద మెలి తిరుగుతోందన్న మాట. వెర్నియర్ పనికొచ్చేది ఇక్కడే. ఒకే చోట బద్ద ఎడమ అంచూ కుడి అంచూ కొలిస్తే సాధారణంగా ఒకటి మందంగా ఉంటుంది, ఆ అంచు వైపే గీకాలి.

రెండు బద్దలూ అచ్చంగా సమానం కావాలా అని మనవడు అడిగాడు. అక్కరలేదు. విల్లు నడిమధ్యను చెయ్యి పట్టుకుంటుంది కాబట్టి బాణం దానికి కాస్త పైనుంచి పోతుంది. నారిని లాగేది కూడా మధ్యకు పైనే. కింది బద్ద మీద భారం ఎక్కువ పడుతుంది, అందుకని అది ఒక పిసరు గట్టిగా ఉండాలి. పిడి పల్లం ముగిసే చోట నుంచి నారికి దూరం కొలిస్తే పైన మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ రావాలి. నేను పై బద్ద మీద మొదటి రోజే చుక్క పెట్టుకుంటాను. మూడో విల్లులో పైదేదో కిందిదేదో మరిచిపోయి తలకిందులుగా దిద్దాను. అది విరగలేదు, బాణాలే పైకి పోయేవి.

13.6 కిలోలకు లాగుడు 24 అంగుళాలు రాగానే గీకడం ఆపండి, మిగతా రెండంగుళాలూ నునుపు చేయడంలో వచ్చేస్తాయి. గరుకు కాగితం అమాయకంగా కనిపిస్తుంది కానీ నా విల్లులో ముప్పావు కిలో మింగేసింది. తర్వాత అవిసె నూనె రెండు మూడు పూతలు, మధ్యలో రోజేసి ఆరనివ్వాలి. నూనె పూసినా గాలిలో తేమ పూర్తిగా ఆగదు. ఇక్కడ మార్చిలో 13.6 చూపిన విల్లును ఆగస్టులో చెన్నైలో మా వదినగారింటికి తీసుకెళ్తే వారం తర్వాత 12.7 చూపింది. తిరిగొచ్చాక కొంత కోలుకుంది. బాణం లేకుండా నారి లాగి ఒక్కసారిగా వదిలేయవద్దు, పని అయ్యాక నారి విప్పి అడ్డంగా రెండు మేకుల మీద పెట్టండి.

వంద బాణాలు వేశాక విల్లును మళ్లీ చుక్కల గోడ దగ్గరికి తీసుకురండి. మా అయిదో విల్లుకు అప్పటికి పై బద్ద తేడా నాలుగు మిల్లీమీటర్ల నుంచి ఏడుకు పెరిగింది. కింది బద్ద మీద, పిడికి పద్నాలుగు అంగుళాల దగ్గర పెన్సిల్ గీత పడింది. మనవడికి ఆరు గీకుళ్లు ఇచ్చాను. ముప్పై లాగుళ్లు లాగాడు, తేడా అయిదుకు వచ్చింది. ఇంకో రెండు గీకనా అన్నాడు. బ్లేడు జేబులో వేసుకున్నాను.