ఇల్లు చూశారు కదా, ఇది ఎందుకు చెప్పలేదు?

భీమవరం నుంచి అమలాపురం దాకా, కొనేవారి తరఫున ఇళ్ల తనిఖీ చేసేవారికి తరచూ ఎదురయ్యే తగవులు ఇవి.

సమస్య: మే నెలలో చూసినప్పుడు గోడలు పొడిగా ఉన్నాయి. ఆగస్టుకల్లా అడుగు ఎత్తు వరకు చెమ్మ పట్టింది. పుట్టీ పొట్టులా రాలుతోంది, తెల్లగా ఉప్పు పూసింది. కొన్నాయన కోపంగా ఫోను చేశారు.

కారణం: వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు కాబట్టి భూగర్భ జలం కాస్త దిగుతుంది. జూన్‌లో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీరు వదిలి, వానలు కూడా మొదలయ్యేసరికి మళ్లీ పైకి వస్తుంది. పక్కనే చేపల చెరువు ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. ఆ నీటితోపాటు లవణాలు ఇటుకల్లోంచి పైకెక్కి, తడి ఆరిన చోట బయటపడతాయి. అమ్మకానికి ముందు వేసిన కొత్త రంగు అంతవరకు అన్నీ కప్పి ఉంచుతుంది. మనం ఇచ్చింది ఆ రోజు కంటికి కనిపించినదాని నివేదిక. ఆయన దాన్ని పూచీకత్తు అనుకున్నారు.

పరిష్కారం: ఫోనులో వాదించకుండా ఇంటికి వెళ్లండి. "అది ఒప్పందంలో లేదండి" అని మొదలుపెడితే, నిజమే అయినా ఎవరూ వినరు. ముందు గోడ చూడండి, తర్వాత నివేదిక తెరవండి. ఆనాడే కనిపించేదాన్ని రాయకుండా వదిలేసి ఉంటే ఒప్పుకోవాల్సిందే. ఇకమీదట ఇలా రాయండి: "తనిఖీ నాటికి కాలువల్లో నీరు లేదు. హాలుకు కొత్త రంగు వేసి ఉంది. పడకగది ఉత్తరపు గోడకు బీరువా ఆనించి ఉంది, వెనుక చూడలేదు. వానాకాలంలో మరోసారి చూడాలి." చెమ్మ మీటరు రీడింగు నేలకు అడుగు ఎత్తున ఒకటి, నాలుగు అడుగుల ఎత్తున ఒకటి తీసి పక్కపక్కన వేయండి. "దాగి ఉన్న లోపాలు మా పరిధిలోకి రావు" అనే అచ్చు వాక్యాన్ని ఎవరూ చదవరు, బీరువా సంగతి మాత్రం చదువుతారు.

సమస్య: "బాగుందని మీరే అన్నారట కదా?"

కారణం: డబ్బిచ్చేది హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న కొడుకు, మన వెంట తిరిగింది తండ్రి. "స్లాబు బాగుంది" అన్న మాట సాయంత్రానికి "ఇల్లు బాగుంది" అయిపోతుంది.

పరిష్కారం: ఏవేవి చూడమో ఆ జాబితాను ఇద్దరికీ వాట్సాప్‌లో పంపి, జవాబు వచ్చాకే నిచ్చెన ఎక్కండి. పెద్దాయన అడిగినా, మొహమాటానికి కూడా "ఫరవాలేదండి" అనవద్దు. గోదావరి జిల్లాల్లో ఇది కష్టమే, కాఫీ ఇచ్చి మరీ అడుగుతారు.

సమస్య: గుమ్మం మూలన బీట ఉందని రాశారు, పునాది సంగతి చెప్పలేదు.

కారణం: ఇక్కడి బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. బీటను చూసి మట్టి సంగతి తేల్చలేం.

పరిష్కారం: బీట కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి, తేదీ వేయండి. గీత దాటితే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించి మట్టి పరీక్ష చేయించమనండి.

ఇక కాగితాలు. ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కోసం సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి, హక్కుల పరిశీలనకు న్యాయవాది దగ్గరకు పంపండి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయని కూడా చెప్పండి. వాస్తు అడిగితే? ఈశాన్యాన బోరు ఉంటే ఉందని రాయండి. అది మంచిదో కాదో సిద్ధాంతిగారిని అడగమనండి.