ఆప్నియా పరికరంతో వచ్చిన దవడ నొప్పి ఇలా తగ్గింది

నాకు ఆప్నియా ఉంది, అంటే నిద్రలో మధ్యమధ్యలో ఊపిరి ఆగిపోతుంది. దానికి వాడే సీపాప్ మాస్కు (ఒత్తిడితో గాలి పంపి గాలిదారి మూసుకుపోకుండా చూసేది) నాకు సరిపడలేదు. అందుకని డెంటిస్టు దగ్గర నోట్లో పెట్టుకునే పరికరం చేయించుకున్నాను. అది కింది దవడను ముందుకు లాగి పట్టుకుంటుంది, దాంతో నాలుక వెనక్కి జారి గాలిదారికి అడ్డం పడదు. గురక తగ్గింది, పగటి మగత పోయింది. కానీ పొద్దున లేచేసరికి చెవి ముందు, దవడ కీలు దగ్గర ఒకటే నొప్పి. ఇడ్లీ నమలబోయినా వెనక పళ్లు ఒకదానికొకటి ఆనేవి కావు.

పరికరం పక్కనుండే చిన్న మరను తిప్పితే దవడ ఎంత ముందుకు రావాలో మారుతుంది. డాక్టరు దాన్ని ఒక మిల్లీమీటరు వెనక్కి తగ్గించారు. నొప్పి సర్దుకున్నాక కొద్దికొద్దిగా మళ్లీ ముందుకు జరిపారు. నా విషయంలో అసలు పనిచేసింది ఈ నిదానమే. పొద్దున పరికరం తీశాక వేడినీళ్ల గుడ్డతో కాపడం, తర్వాత డాక్టరు ఇచ్చిన చిన్న అచ్చును వెనక పళ్లు కలిసేదాకా మెల్లగా కొరకడం. అన్నాళ్లూ జంతికలు బంద్ (నాకొక్కడికే, ఇంట్లో మిగతావాళ్లకు కాదు).

తర్వాత ఇంట్లోనే మళ్లీ స్లీప్ టెస్ట్ చేయించారు. గురక ఆగినంత మాత్రాన ఆప్నియా అదుపులో ఉన్నట్టు కాదట. ఏళ్ల తరబడి వాడితే పళ్ల అమరిక మారొచ్చు కాబట్టి, చెకప్‌కి మాత్రం వెళ్తూనే ఉన్నాను.