మార్మన్ మిషనరీగా వెళ్లబోయే యువత ఆనందానికీ నిరాశకూ ముందుగా సిద్ధపడటం ఎలా

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘాన్ని బయటివారు మార్మన్ సంఘం అంటారు. ఆ సంఘంలో పుట్టి పెరిగిన యువకుడికి మిషన్, అంటే ఇల్లు విడిచి వెళ్లి సంఘ బోధను ఇతరులకు చెప్పే పూర్తికాల సేవ, చిన్ననాటి నుంచీ వింటూ వచ్చిన మాట. 2012 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు థామస్ ఎస్. మాన్సన్ కనీస వయసును యువకులకు 19 నుంచి 18కి, యువతులకు 21 నుంచి 19కి తగ్గిస్తున్నట్లు ప్రకటించాక, పాఠశాల చదువు ముగిసిన కొద్ది నెలలకే బయలుదేరేవారు ఎక్కువయ్యారు. 2025లో యువతుల కనీస వయసును కూడా 18కి తగ్గించారు. యువకుల సేవాకాలం 24 నెలలు, యువతులది 18 నెలలు. ఆ కాలమంతటికీ జీతం ఉండదు. బయలుదేరే ముందు తెల్లచొక్కాలు, బూట్లు, సూట్‌కేసు సమకూర్చుకోవడంలో చూపే శ్రద్ధ మనసును సిద్ధం చేసుకోవడంలో చాలామంది చూపరు. అక్కడ ఎదురయ్యే నిరాశల్లో అధికభాగం మీ విశ్వాసంలోని లోపం వల్ల కాక ఆ పని స్వభావం వల్లే కలుగుతాయని ముందుగా గ్రహించినవారు వాటిని తట్టుకోగలుగుతారు.

దరఖాస్తు దశలో ముందు మీ స్థానిక సంఘ నాయకుడైన బిషప్, తరువాత అటువంటి కొన్ని స్థానిక సంఘాలు కలిసిన స్టేకుకు అధ్యక్షుడు మీతో మాట్లాడతారు. వైద్య పరీక్ష, దంత పరీక్ష చేయించుకోవాలి. ఈ దశలో మీరు పాటించవలసిన మొదటి నియమం నిజం చెప్పడం. ఎప్పుడైనా తీవ్రమైన దిగులుకు, ఆందోళనకు, నిద్రలేమికి గురై ఉంటే దాచకండి. ఇంటికి దూరంగా, కొత్త భాష మధ్య, విశ్రాంతి తక్కువైన దినచర్యలో ఆ బాధ తిరిగి తలెత్తే అవకాశం ఉంది. ముందే చెప్పి ఉంటే వైద్యుడి సలహాతో, మందులతో, అవసరమైతే కొన్ని నెలల వాయిదాతో దానికి దారి దొరుకుతుంది. దాచిపెట్టి వెళ్లినవారు బాధతో పాటు రహస్యాన్ని కూడా మోయవలసి వస్తుంది.

ఎక్కడికి వెళ్లాలో మీరు ఎంచుకోలేరు. సంఘ ప్రధాన కార్యాలయం ఉన్న సాల్ట్ లేక్ సిటీలో, అపొస్తలులు అని పిలిచే సంఘ పెద్దలు నిర్ణయిస్తారు. 2024 నాటికి ప్రపంచమంతటా 450 మిషన్లు, అంటే సేవా ప్రాంతాలు, ఉన్నాయి కాబట్టి, బ్రెజిల్ గురించి కలలు కన్నవాడికి పక్క రాష్ట్రం రావచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలిపే పిలుపు వచ్చిన రోజున బంధుమిత్రులందరినీ పిలిచి వారి ఎదుటే చదవడం చాలా కుటుంబాలకు పండుగలాంటిది. అయితే మీ మనసు ఒకే దేశం మీద నిలిచి ఉన్నట్లయితే, ముందు ఒంటరిగా చదువుకొని, ఆ తరువాత ఇంట్లోవారికి చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. అందరి కళ్లూ మీ ముఖం మీద ఉన్నప్పుడు నిరాశను మింగుకోవడం కష్టం. ఖర్చు సంగతికి వస్తే, అమెరికా నుంచి వెళ్లేవారు తాము సేవ చేసే చోటు ఖరీదైనదైనా చవకైనదైనా ఒకే మొత్తం చెల్లిస్తారు. 2020 జులైలో ఆ మొత్తాన్ని నెలకు 400 డాలర్ల నుంచి 500 డాలర్లకు పెంచారు. ఆ డబ్బులో కొంతైనా మీరే సంపాదించి దాచుకోండి. మీ కష్టంతో వెళ్లిన మిషన్‌ను మీరు మరింత గట్టిగా పట్టుకుంటారు.

యూటాలోని ప్రోవోలో గాని, మరో దేశంలోని శిక్షణ కేంద్రంలో గాని గడిపే వారాలు ఉత్సాహంగా సాగుతాయి, ఎందుకంటే అక్కడ చుట్టూ ఉన్నవారందరూ మీవంటివారే, మీరు తప్పుగా మాట్లాడినా ఓపికగా వినేవారే. అక్కడ నేర్చిన భాష మొదటి వీధిలోనే చాలక పోతుంది. అందుకు కుంగిపోకుండా, ప్రతి రాత్రి ఆ రోజు మీకు అర్థం కాని మూడు నాలుగు మాటలను చిన్న పుస్తకంలో రాసుకొని, మర్నాడు ఎవరినైనా అడగండి. బోధించడానికి వచ్చినవాడు నేర్చుకోవడానికి చేయి చాచినప్పుడు ఎదుటివారి ముఖం మారుతుంది. ఉచ్చారణ సరిదిద్దే ముసలమ్మ మీ బోధను అంగీకరించకపోయినా, మరుసటి వారం మీ కోసం తలుపు తెరుస్తుంది.

ఉదయం 6:30కు లేవడం, రాత్రి 10:30కు పడుకోవడం చాలాకాలంగా వస్తున్న క్రమం. 2017 నుంచి స్థానిక పరిస్థితులను బట్టి కొంత వెసులుబాటు కల్పించారు. అధ్యయనం, ప్రార్థన ముగించుకొని బయటికి వెళ్లాక ఎక్కువగా వినిపించేది తిరస్కారమే. మొదటి వారంలో మూసుకున్న తలుపులు బాధిస్తాయి గాని, వాటికి త్వరగానే అలవాటు పడతారు. నిజంగా గాయపరిచేది తలుపు తెరిచి, నవ్వి, కూర్చోబెట్టి, నాలుగైదు పాఠాలు శ్రద్ధగా విన్న మనిషి మౌనంగా తప్పుకోవడం. ఆదివారం తప్పక వస్తానన్నాడు. మీరు ఆరాధనాలయం గుమ్మం దగ్గర నిలబడి ఆగిన ప్రతి కారు వంకా చూస్తారు. ప్రారంభ గీతం మొదలవుతుంది, లోపలికి రమ్మని మీ సహవాసి, అంటే మీకు జతగా నియమించిన తోటి మిషనరీ, చేయి తాకుతాడు, ఫోను మోగుతూనే ఉంటుంది గాని ఎవరూ ఎత్తరు. ఆ మధ్యాహ్నం నిలదీసే సందేశం పంపకండి. ఒకటి రెండు రోజులు ఆగి, మీటింగు ఊసెత్తకుండా, కుశలం మాత్రమే అడగండి. తిరిగి పలికితే అతని వేగంతో సాగండి. పలకకపోతే ఆ నిర్ణయాన్ని గౌరవించండి. కాదనే స్వేచ్ఛ అతనికి లేనట్లయితే అతని అవునుకు కూడా విలువ ఉండేది కాదు.

అంకెల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1950ల చివరా 1960ల తొలినాళ్లలోనూ బ్రిటన్‌లో లక్ష్యాల ఒత్తిడి ఎంతగా పెరిగిందంటే, బేస్‌బాల్ ఆటకు వచ్చిన పిల్లలకు, సంఘం అంటే ఏమిటో సరిగా తెలియకుండానే, బాప్తిస్మం ఇచ్చిన ఘటనలు జరిగాయి. ఆ పేర్లలో చాలావాటిని తరువాత జాబితాల నుంచి తొలగించవలసి వచ్చింది. ఆ యువ మిషనరీలలో ఎందరో తమ సేవను తలచుకొని బాధపడి ఉంటారని నేను అనుకుంటాను. పక్క ప్రాంతంలోని ఎల్డర్ (యువ మిషనరీని అలా పిలుస్తారు) ఈ నెల ముగ్గురికి బాప్తిస్మం ఇచ్చాడని విన్నప్పుడు మీ గుండెలో కలిగే గుబులును గుర్తించండి, దాని మాట వినకండి. రాత్రి మర్నాటి ప్రణాళిక వేసుకునేటప్పుడు మీ చేతిలో ఉన్న పనులనే లక్ష్యాలుగా రాసుకోండి: ఎవరిని పలకరిస్తారు, ఎవరికి సాయపడతారు, ఏ అధ్యాయం సిద్ధం చేసుకుంటారు. ఎదుటివారి హృదయంలో జరగవలసినదాన్ని మీ లక్ష్యాల పట్టికలో చేర్చకండి.

సహవాసితో కలిసి ఉండటమే మిషన్‌లో అన్నిటికంటే కష్టమైన పాఠమని చాలామంది తిరిగి వచ్చినవారు ఒప్పుకుంటారు. స్నానాల గది వంటివి మినహా ఒకరినొకరు చూడగలిగే, వినగలిగే దూరంలోనే ఉండాలి. అతన్ని మీరు ఎంచుకోలేదు. సుమారు ఆరు వారాలకొకసారి వచ్చే బదిలీ వరకు, కొన్నిసార్లు అది దాటాక కూడా, అతనే మీ ఇల్లు. మొదటి రాత్రే చిన్న విషయాలు మాట్లాడుకోండి: ఉదయం మౌనం కావాలా, గిన్నెలు ఎవరు కడగాలి, కోపం వచ్చినప్పుడు ఎలా చెప్పుకోవాలి. వారానికొకసారి ఇద్దరూ కూర్చొని మనసు విప్పే సమయం దినచర్యలోనే ఉంటుంది. దాన్ని మొక్కుబడిగా ముగించకండి. అతను మిమ్మల్ని అవమానిస్తున్నా, భయపెడుతున్నా, తన ప్రాణానికి హాని చేసుకునే మాటలు అంటున్నా, స్నేహధర్మం పేరిట దాచకుండా వెంటనే మీ సేవా ప్రాంతానికి నాయకుడైన మిషన్ ప్రెసిడెంట్‌కు ఫోన్ చేయండి.

ఇక ఆనందం. అది బాప్తిస్మపు తెల్లని వస్త్రాల్లో తప్పక ఉంటుంది, ఆ రోజు కన్నీళ్లు ఆపుకోలేరు. అయితే ఆ రోజు కోసమే ఎదురుచూస్తే మిగిలిన నెలలన్నీ వృథాగా తోస్తాయి. ఇల్లు మారుతున్న కుటుంబానికి బీరువా మోసి, చెమటతో మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆ ఇంటి పెద్ద తన చనిపోయిన కొడుకు గురించి చెప్పడం మొదలుపెడతాడు. టీ, కాఫీ మీరు తాగరని తెలిసి, ఒక గృహిణి మీ కోసం విడిగా పండ్లరసం తెచ్చి పెడుతుంది. నెల రోజులుగా నోరు మెదపని కొత్త సహవాసి ఒక సాయంత్రం, మీరు ప్రేరేపించకుండానే, తనంతట తానే తన విశ్వాసం గురించి సాక్ష్యం పలుకుతాడు. ఇటువంటివి వారాంతపు నివేదికలో ఏ గడిలోనూ ఇమడవు. అందుకే రోజూ దినచర్య పుస్తకంలో ఒక్క మనిషి గురించైనా, అతను అన్న మాటతో సహా, రాయండి. నిరుత్సాహం కమ్మిన రోజున ఆ పుటలు తిరిగి చదవండి.

2019 ఫిబ్రవరి నుంచి వారానికొకసారి ఇంటికి ఫోన్ లేదా వీడియో కాల్ చేసుకోవచ్చు. అంతకుముందు అది ఏడాదికి రెండుసార్లే దొరికేది. ఈ మార్పు మేలే చేసింది. ఇంటివారితో కష్టాలు కూడా పంచుకోండి, కానీ కాల్ అయ్యాక సహవాసితో కలిసి బయటికి వెళ్లే పని ఒకటి ముందే ఏర్పాటు చేసుకుంటే, ఆ తరువాత వచ్చే బెంగ తేలికవుతుంది.

గడువుకు ముందే తిరిగి రావలసి వస్తే, అది జబ్బు వల్ల కానివ్వండి, మనోవేదన వల్ల కానివ్వండి, విశ్వాసంలో తలెత్తిన సందేహాల వల్ల కానివ్వండి, చేసిన సేవ చెరిగిపోదు. ఇంటి దగ్గరే ఉండి ఆహార బ్యాంకులు, ఆసుపత్రుల వంటి చోట్ల పనిచేసే సేవా మిషన్ కూడా ఉంది. సంఘంలో కొందరి చూపులు నొప్పిస్తాయన్నది నిజం. అందువల్ల తల్లిదండ్రులకు, ఇద్దరు ముగ్గురు ఆత్మీయులకు ముందుగానే ఉన్నదున్నట్లు చెప్పి, మిగిలినవారికి చెప్పే జవాబును ఒక్క వాక్యంలో సిద్ధం చేసుకోండి.

పూర్తికాలం సేవ చేసి వచ్చినవారికీ మొదటి నెలలు వింతగా ఉంటాయి. స్టేకు అధ్యక్షుడు విడుదల చేసిన సాయంత్రమే నల్లని పేరుపట్టీ తీసేస్తారు, మర్నాడు మీరు ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పరు. తిరిగి రావడానికి ముందే కళాశాల ప్రవేశం గాని, ఉద్యోగం గాని ఖాయం చేసుకోండి, మేల్కొనే వేళను వెంటనే వదిలేయకండి, బిషప్‌ను అడిగి సంఘంలో ఒక బాధ్యత తీసుకోండి. అక్కడ మీకు తలుపు తెరిచినవారికి, బాప్తిస్మం తీసుకున్నవారికీ తీసుకోనివారికీ, మొదటి నెలలోనే ఉత్తరాలు రాయండి.